పనిమంతురాలు, నాయకురాలు

తెలుగులో 'నాయకురాలు' అనగానే ముందు గుర్తొచ్చే పేరు నాగమ్మ. ఆ మాట ఆమెకు ఇంటిపేరులా అతుక్కుపోయింది. పన్నెండో శతాబ్దపు పల్నాడులో నలగామరాజు కొలువులో మంత్రిగా రాజ్యం నడిపిన మనిషి. ఆమె కథ శ్రీనాథుడిదని చెప్పే 'పల్నాటి వీరచరిత్ర' నుంచి, వీరవిద్యావంతులు పాడే కథల నుంచి, నాటకాల నుంచి, సినిమాల నుంచి మనదాకా వచ్చింది. వీటిలో చాలా వరకు ఒకటే పంపకం కనిపిస్తుంది. బ్రహ్మనాయుడు ఎత్తు వేస్తే రాజనీతి, నాగమ్మ ఎత్తు వేస్తే కుతంత్రం. చాపకూడు పెట్టిన సంస్కర్త ఆయన, కోడిపందెంతో అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టిన ఆడది ఈమె. కారంపూడిలో చచ్చిపోయిన వాళ్లందరి లెక్కా ఆమె ఖాతాలోనే రాశారు.

నాగమ్మకు న్యాయం చేయాలని ఇప్పటికే కొందరు రాశారు. నేను చెప్పదలచుకున్నది అది కాదు. ఆమెను తిట్టినవాళ్లు కూడా ఒక విషయం కాదనలేదు. నిర్ణయం ఆమెది. అందుకే తప్పు కూడా ఆమెదయింది. ఆమెను 'మంచి పనిమంతురాలు' అని ఎవరూ మెచ్చుకోలేదు. ఆ మెచ్చుకోలు మన కాలం స్త్రీలకు దక్కింది. సమర్థురాలు, ఓపిక గలది, గొంతు బాగుంటుంది, ఏ పని అప్పగించినా చేసుకొస్తుంది. ఉద్యమాల చరిత్రల్లో, సంస్మరణ సంచికల్లో, సన్మాన పత్రాల్లో స్త్రీల గురించి రాసిన వాక్యాలు చదువుతూ పోతే ఈ మాటలే తిరిగి తిరిగి వస్తాయి. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఇవన్నీ నైపుణ్యం గురించిన మాటలు. నాయకత్వం గురించిన మాటలు కావు.

ఈ రెండింటికీ తేడా ఏమిటన్నది మనం, అంటే స్త్రీవాద సాహిత్య విమర్శ చేసేవాళ్లం, ఇంకా సరిగ్గా తేల్చుకోలేదని నాకు అనిపిస్తోంది. తేల్చుకోకపోవటం వల్ల ఒక ఇబ్బంది వచ్చి పడింది. చరిత్ర పట్టించుకోని స్త్రీలను వెలికితీసే ఉత్సాహంలో మనం కనిపించిన ప్రతి స్త్రీనీ 'నాయకురాలు' అనేస్తున్నాం. రహస్య స్థావరంలో వంట చేసిన ఆమె నాయకురాలే, ఉత్తరాలు మోసిన ఆమె నాయకురాలే, పాట పాడిన ఆమె నాయకురాలే. వినటానికి బాగుంటుంది. సెమినార్లలో చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆమెను నాయకత్వంలోకి రానివ్వని వాళ్లను ఈ మాట ఎంత సులువుగా వదిలేస్తుందో ఆలోచించామా?

ఈ ప్రశ్నతో నేను రెండు ఆత్మకథలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' (2012). రెండోది మల్లు స్వరాజ్యం గారు చెప్పగా విమల, కాత్యాయని అక్షరబద్ధం చేసిన 'నా మాటే తుపాకీ తూటా' (2019). రెండూ హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసినవే. ఇద్దరూ కమ్యూనిస్టు ఉద్యమంలో పెరిగినవాళ్లే. ఇద్దరికీ మంచి గొంతు ఉంది. ఇద్దరూ 1940ల చివర్లో అజ్ఞాతంలో బతికారు. అయినా ఒకరి కథ నాయకురాలి కథగానూ, మరొకరి కథ నాయకుడి భార్య కథగానూ మనకు చేరాయి.

కోటేశ్వరమ్మ గారు 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. పసితనంలోనే పెళ్లయి, వైధవ్యం కూడా పసితనంలోనే వచ్చింది. తర్వాత కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహం. ఆయనతోపాటు పార్టీలోకి వచ్చారు. పాటలు పాడారు, నాటకాల్లో వేషాలు వేశారు, మహిళా సంఘంలో తిరిగారు, నిర్బంధ కాలంలో పిల్లల్ని తల్లి దగ్గర వదిలి అజ్ఞాతంలోకి వెళ్లారు. డెన్‌లు నడిపారు. డెన్ నడపటం అంటే ఏమిటో ఆ పుస్తకం చదివితే అర్థమవుతుంది. కొత్త ఊళ్లో, కొత్త పేరుతో, చుట్టుపక్కలవాళ్లకు అనుమానం రాకుండా మామూలు సంసారంలా కనిపించాలి. వచ్చిపోయేవాళ్లు చుట్టాలని నమ్మించాలి. తలుపు తట్టినవాడు మనవాడా కాదా అన్నది క్షణంలో తేల్చుకోవాలి. ఆ లెక్క తప్పితే లోపల ఉన్నవాళ్ల ప్రాణాలు పోతాయి.

ఇక్కడ నాకొక చిక్కు ఎదురయింది. ఆ గుమ్మం దగ్గర ఆమె తీసుకున్నది నిర్ణయమే కదా. పదిమంది బతుకు ఆమె తెలివి మీద ఆధారపడినప్పుడు దాన్ని ఒట్టి నైపుణ్యం అని ఎలా అంటాం? అవును, నైపుణ్యం లోపల నిర్ణయం ఉంటుంది. నేత నేసేవాళ్లయినా, కాన్పు చేసే మంత్రసాని అయినా ప్రతి క్షణం ఏదో ఒకటి నిర్ణయిస్తూనే ఉంటారు. కానీ డెన్ ఎక్కడ పెట్టాలి, ఎంతకాలం ఉంచాలి, ఎవరు లోపలికి వెళ్లాలి, ఎవరు బయట ఉండాలి, పోరాటం సాగించాలా ఆపాలా అన్నవి వేరే చోట తేలేవి. ఆ చోటికి ఆమె వెళ్లలేదు. ఆ తీర్మానాలు ఆమె దగ్గరికి కబురుగా వచ్చేవి. ఇల్లు ఖాళీ చేయమంటే ఖాళీ చేయాలి, మరో ఊరు వెళ్లమంటే వెళ్లాలి. చివరికి భర్త ఆమెను వదిలి వెళ్లటం కూడా ఆమె జీవితంలోకి మరొకరి నిర్ణయంగానే వచ్చింది.

'నిర్జన వారధి'లో కోటేశ్వరమ్మ గారు తనకోసం తాను తీసుకున్న పెద్ద నిర్ణయం ఆ తర్వాతే కనిపిస్తుంది. ముప్పై దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. తర్వాత కాకినాడ పాలిటెక్నిక్‌లో హాస్టల్ మేట్రన్‌గా పని చేశారు. కొడుకునూ కూతురునూ పోగొట్టుకుని మనవరాళ్లకు అండగా నిలబడ్డారు. ఈ భాగాన్ని సమీక్షకులు ఎక్కువగా ఆమె సహనానికి ఉదాహరణగా చెప్పారు. నాకు సహనం కంటే మరొకటి ముఖ్యంగా కనిపించింది. ఉద్యమంలో అన్నేళ్లు డబ్బు లెక్కలు, మనుషుల లెక్కలు, ఇళ్ల లెక్కలు చూసిన మనిషికి బయటికి వచ్చాక చేతిలో ఒక్క కాగితం లేదు. ఆమె నేర్చిన విద్యను పార్టీ వాడుకుంది, కానీ దానికి పేరు పెట్టలేదు. పేరు పెట్టని నైపుణ్యం ఆమెను నాయకత్వానికీ చేర్చలేదు, ఉద్యోగానికీ చేర్చలేదు. మళ్లీ మొదటి తరగతి పుస్తకాలతో మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇక స్వరాజ్యం గారు. 1931లో నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే ఆంధ్రమహాసభ పనిలోకి వచ్చారు. సొంత బంధువుల భూముల్లో పని చేసే వెట్టివాళ్ల పక్షాన నిలబడ్డారు. ఉయ్యాల పాటలు కట్టి, పాడి, జనాన్ని కూడగట్టారు. దళంతో తిరిగారు, తుపాకి పట్టారు. గోదావరి అడవుల్లో కోయగూడేల మధ్య రాజక్క అనే పేరుతో పని చేశారు. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. నాయకత్వానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? నిజాం పోలీసులకూ, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వానికీ ఆమె నాయకురాలో కాదో అన్న అనుమానం రాలేదు. వెల కట్టి మరీ చెప్పారు.

స్వరాజ్యం గారి పాటనూ కోటేశ్వరమ్మ గారి పాటనూ పోల్చి చూడండి. రెండూ జనాన్ని కదిలించినవే. కోటేశ్వరమ్మ గారి పాట సభకు ముందు వచ్చేది, ఆ తర్వాత నాయకులు మాట్లాడేవారు. స్వరాజ్యం గారి విషయంలో పాటకూ ఉపన్యాసానికీ మధ్య గోడ లేదు. పాడిన మనిషే ఏం చేయాలో చెప్పారు, చెప్పిన మనిషే ముందు నడిచారు. గొంతు అదే, విద్య అదే. తేడా అంతా పాట అయిపోయాక ఏం జరిగిందన్న దగ్గర ఉంది. పాట అయ్యాక ఒకరు వేదిక దిగాలి, మరొకరు దిగనక్కరలేదు.

ఆ అవకాశం స్వరాజ్యం గారికి ఎలా వచ్చింది? ధైర్యం వల్ల అంటే సరిపోదు. ధైర్యం కోటేశ్వరమ్మ గారికి తక్కువేం కాదు. స్వరాజ్యం గారికి అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి గారు ముందు నుంచీ ఉద్యమంలో ఉన్నారు. చదువుకున్న, భూమి ఉన్న కుటుంబం. అన్నిటికంటే ముఖ్యంగా ఆ పోరాటమే ఊళ్లలో ఉన్న అధికారాన్ని తలకిందులు చేస్తున్న కాలం అది. ఎవరు ఎవరికి చెప్పాలన్నది అప్పుడే కొత్తగా తేలుతోంది. అలాంటి సందులో నుంచే ఒక పదహారేళ్ల పిల్ల ముందుకు రాగలిగింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక ఆ సందు మళ్లీ మూసుకుపోయింది. ఆమె శాసనసభకు వెళ్లేసరికి 1978 వచ్చింది.

1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ మూసుకుపోవటం గురించే. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తాము చెప్పుకున్న కథలవి. ఆ రోజులను వాళ్లు ఎంత ఇష్టంగా తలచుకుంటారో, పోరాటం ఆగాక ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్న మాటను అంత బాధగానూ తలచుకుంటారు. మగ కార్యకర్తలకు తర్వాత ఎన్నికలు, కమిటీలు, పత్రికలు ఉన్నాయి. దళంలో కొరియర్‌గా మొదలైన కుర్రాడు కొన్నేళ్లకు ఏరియా బాధ్యుడు కాగలిగాడు. కొరియర్‌గా మొదలైన పిల్ల మంచి కొరియర్‌గానే మిగిలింది. మగవాళ్లకు నైపుణ్యం మెట్టయింది, ఆడవాళ్లకు అదే గది అయింది.

ఈ గది పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో రాసిన తెలంగాణ పోరాట చరిత్ర ఎంతో విలువైనది. స్త్రీల సాహసాన్ని ఆయన గౌరవంతో నమోదు చేశారు. కానీ వాళ్ల గురించి ప్రధానంగా ఒక ప్రత్యేక అధ్యాయంలో రాశారు. పంథా గురించిన చర్చలు, పొరపాట్ల సమీక్ష, విరమణ మీద వచ్చిన విభేదాలు వేరే అధ్యాయాల్లో ఉన్నాయి. తెగువకు ఒక అధ్యాయం దొరికింది, ఆలోచనకు చోటు దొరకలేదు. మన భాషలోనూ ఇదే తీరు. చాలా చరిత్రల్లో నాయకుడు 'వచ్చారు', 'ప్రసంగించారు'. అదే పేజీలో స్త్రీ 'వచ్చింది', 'పాడింది'. క్రియాపదం చివర ఉన్న ఆ చిన్న తేడా కూడా ఎవరు నాయకులో, ఎవరు పనివాళ్లో ముందే చెప్పేస్తుంది.

మరి చిట్యాల ఐలమ్మ గారి మాటేమిటి? పాలకుర్తిలో కౌలుకు చేసిన పొలం, చాకలి కులం, విసునూరు దేశ్‌ముఖ్‌తో తగువు. ఆమెకు కమిటీలో చోటు లేదు, ఉపన్యాసాల విద్య లేదు. పండించిన పంటను వదలనని ఆమె నిలబడ్డాక సంఘం ఆమె వెనక నిలబడింది. ముందు సంఘం నిర్ణయించి ఆమెకు పని అప్పగించలేదు. ఓడిపోతే పోయేది ఆమె ఇల్లు, ఆమె పిల్లలు. నిర్ణయం తనది, దాని ఫలితం భరించేది తాను, తనను చూసి ఇతరులు కదిలారు. నేను నాయకత్వం అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఇదే. దీనికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, పదవి అసలే అక్కర్లేదు. 1985లో ఆమె చనిపోయారు. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. చదువు అందని స్త్రీ పేరు చదువుల గుడికి పెట్టటం మంచిదే. అయితే ఆ పేరును గోడ మీద రాసినంత మాత్రాన లోపల చదివే ఆడపిల్లలకు నిర్ణయం తీసుకునే అలవాటు రాదు.

ఈ తేడా పాత చరిత్రకు మాత్రమే సంబంధించింది కాదని చెప్పటానికి నెల్లూరు గుర్తు చేస్తాను. 1991లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ స్త్రీలు తమ ఇళ్ల గురించి, సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట రోశమ్మ గారి లాంటి వాళ్లు ముందుకొచ్చారు. సారా దుకాణాలు మూయించారు, వేలం పాటలు ఆపించారు. 1993లో ప్రభుత్వం సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించక తప్పలేదు. అక్షరం ఒక నైపుణ్యం. కానీ ఆ బడి దగ్గర జరిగింది నైపుణ్యం నేర్పటం ఒక్కటే కాదు. ఊళ్లో ఏం ఉండాలో ఏం ఉండకూడదో తేల్చే హక్కు మాది అని వాళ్లు అన్నారు.

తర్వాత ఏమైంది? ఆ స్త్రీలనే, ఆ ఊళ్లలోనే పొదుపు గ్రూపులుగా మలిచారు. రోజుకు రూపాయి పొదుపు, బ్యాంకు ఖాతా, అప్పు, కుట్టు శిక్షణ, పచ్చళ్లు, గేదెలు. దీన్ని నేను తీసిపారేయటం లేదు. బ్యాంకు గడప తొక్కటం, సంతకం పెట్టటం, చేతిలో నాలుగు డబ్బులు ఉండటం చిన్న మార్పు కాదు. కానీ 1997లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఈ గ్రూపులను ఎవరూ అడగలేదు. సారా గురించి తీర్పు చెప్పిన స్త్రీలకు వాయిదాలు కట్టే క్రమశిక్షణ నేర్పారు. గ్రూపులో ఒకామెను 'లీడరు' అంటారు. ఆ లీడరు పని పుస్తకం రాయటం, వాయిదాలు వసూలు చేయటం, సభకు మనుషుల్ని తోలుకురావటం. నాయకత్వం అనే మాట మిగిలింది, దాని లోపల ఉన్నది మటుకు గుమాస్తా పని.

పంచాయతీలకు వస్తే ఇదే కథ మరో వైపు నుంచి కనిపిస్తుంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మూడో వంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చింది. చాలా ఊళ్లలో సర్పంచ్ ఆమె, సంతకం ఆమెది, నిర్ణయం భర్తది. అప్పుడు మనవాళ్లు 'ఆమెకు తెలియదు, శిక్షణ ఇవ్వాలి' అంటారు. శిక్షణ మంచిదే. కానీ ఆమెకు లేనిది పరిజ్ఞానం అయితే శిక్షణతో తీరుతుంది. భర్త కుర్చీలోంచి లేవకపోవటం శిక్షణతో తీరే విషయం కాదు. ఏ మగ సర్పంచ్‌నీ ముందు నేర్చుకుని రమ్మని ఎవరూ అడగలేదు. స్త్రీని మాత్రం నైపుణ్యం చూపించాకే నాయకత్వం అంటారు. చూపించాక, ఇంత బాగా పని చేసే మనిషిని అక్కడి నుంచి కదిపితే ఆ పని ఎవరు చేస్తారంటారు.

ఈ చివరి మాట నేను విశ్వవిద్యాలయాల్లో కూడా చాలాసార్లు విన్నాను. నేను కొంతకాలం పని చేసిన ఒక శాఖలో సదస్సు జరిగితే ఆహ్వానాల నుంచి అతిథుల బస దాకా, పత్రాల సంకలనం దిద్దటం దాకా ఇద్దరు మహిళా అధ్యాపకులే చూసేవారు. ముగింపు సభలో వాళ్లను 'మన శాఖకు రెండు చేతులు' అని పొగిడేవారు. సదస్సు ఏ అంశం మీద జరగాలి, కీలకోపన్యాసం ఎవరిది, సంకలనానికి సంపాదకుడు ఎవరు అన్నవి వాళ్ల చేతికి వచ్చేసరికి తేలిపోయి ఉండేవి. వాళ్లలో పెద్దావిడ ఒకసారి నాతో నవ్వుతూ అన్నారు, 'చేతులకు జీతం పెరుగుతుందిగానీ తల కాలేవమ్మా' అని. ఆ మాటలో కోపం కంటే అలసట ఎక్కువగా వినిపించింది. స్త్రీల ఆత్మకథలు చదివేటప్పుడు నాకు ఆ గొంతు అడ్డం వస్తూనే ఉంటుంది.

అందుకే మన విమర్శ పదాలను పంచిపెట్టటంతో ఆగకూడదంటాను. ఒక స్త్రీ జీవితకథ చేతికి వచ్చినప్పుడు మూడు విషయాలు అడగాలి. ఆమె చేసిన పనిని నిర్ణయించింది ఎవరు? ఆమె వద్దంటే ఆగేదా? చెడిపోతే నింద ఎవరి మీద పడేది? ఈ ప్రశ్నలతో చూస్తే కోటేశ్వరమ్మ గారు ఉద్యమంలో నాయకురాలు కారు. ఆమెను నాయకురాలు కానివ్వలేదు. ఈ రెండో వాక్యం రాయగలగాలంటే మొదటి వాక్యం దాచకూడదు. ఆమెకు మనం ఇప్పుడు బిరుదు ఇచ్చేస్తే, ఆమెకు దక్కనిదేమిటో చెప్పే వీలు మనకు పోతుంది.

అలాగే నైపుణ్యాన్ని నైపుణ్యంగా గౌరవించటం కూడా నేర్చుకోవాలి. డెన్ నడపటం, గాయాలు కట్టటం, ఉత్తరం మోయటం గొప్పవని చెప్పటానికి వాటిని నాయకత్వం అనక్కరలేదు. అలా అన్నామంటే నాయకత్వం తప్ప మరేదీ విలువైనది కాదని మనమే ఒప్పుకున్నట్టు. అది మగ చరిత్రకారులు పెట్టిన కొలబద్దే. అందరూ నాయకులు కానక్కరలేదు. కానీ కావాలనుకున్నవాళ్లకు దారి ఉండాలి, వద్దనుకున్నవాళ్ల పనికి పేరూ వేతనమూ జ్ఞాపకమూ ఉండాలి.

'నిర్జన వారధి' వెలువడే నాటికి కోటేశ్వరమ్మ గారికి తొంభై నాలుగేళ్లు. 2018లో, నూరేళ్లు నిండిన కొన్ని వారాలకే ఆమె వెళ్లిపోయారు. ఆ పుస్తకంలో ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు, భర్త గురించి ఎంత రాయాలి, పార్టీని ఎక్కడ ప్రశ్నించాలి అన్నవన్నీ ఆమే తేల్చుకున్నారు. ఎక్కడా గొంతు పెంచలేదు, ఎవరి తీర్పు కోసమూ ఆగలేదు. పీపుల్స్‌వార్‌ను స్థాపించిన నాయకుడి భార్యగా ఆమె గురించి తెలుసుకోవాలని ఆ పుస్తకం తెరిచిన పాఠకులు చాలామంది ఉంటారు. మూసేసరికి వాళ్లు ఆ నాయకుణ్ణి ఆమె కళ్లతో చూడటం మొదలుపెడతారు. నిర్ణయం తనది అయినప్పుడు ఆమె ఏం చేయగలరో చూపించటానికి ఆ ఒక్క పుస్తకం చాలు. అది ఉద్యమంలో ఉన్న రోజుల్లోనే ఆమె చేతికి అంది ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు.